సున్నంలో పోయిన సున్నా

గుంటూరు బ్రాడీపేటలో ఒక మందుల షాపు పైన రెండు గదుల్లో సస్య విజ్ఞాన సమితి ఉండేది. ఒక గది సిద్దికాది, రెండోది పాత సంచికలది. వ్యవసాయ కాలేజీల్లో పాఠాలు చెప్పే కొందరు, పైరు గురించి తెలిసింది పైరు పెట్టేవాళ్ల భాషలోనే రాయాలని పట్టుబట్టి, ఎప్పుడో యాభైల చివర ఆ సమితిని పెట్టి ‘పైరు’ అనే పత్రిక మొదలుపెట్టారు. మూడు నెలలకొక సంచిక. ఏ వ్యాసం వచ్చినా తెలిసినవాళ్లు ఇద్దరు చదివి సరేనంటేనే అచ్చయ్యేది. లాభం కోసం పెట్టింది కాదు. తెచ్చిందీ లేదు. కాలేజీ లైబ్రరీలు, మూడొందల మంది సభ్యులు కట్టే చందాతో బండి నడిచేది.

సిద్దికా అక్కడ 1996లో ప్రూఫులు దిద్దడానికి చేరింది. ఆమె తల్లి జైతున్‌బీ మిరప గోడౌన్లలో ముచ్చికలు తీసి, ఆ కూలితోనే కూతురిని ఎమ్మెస్సీ బోటనీ దాకా చదివించింది. ఐదారేళ్లు తిరిగేసరికి ప్రూఫులతో పాటు వ్యాసకర్తలకు ఉత్తరాలు రాయడం, కట్టలు కట్టి పోస్టులో వెయ్యడం, సమావేశాలకు కుర్చీలు తెప్పించడం కూడా సిద్దికా పనే అయింది. పేరుకి ఆమె సహాయ సంపాదకురాలు. సంపాదకుడు లక్ష్మీనరసింహం గారు. తెగుళ్ల శాస్త్రంలో ప్రొఫెసరుగా రిటైరై అరండల్‌పేటలో ఉంటున్నాడు. మనిషి సన్నం, మాట ఇంకా సన్నం. తప్పు కనిపిస్తే మాత్రం ఎర్రసిరాతో పేజీ అంతా దున్నేసేవాడు.

2003 వచ్చేసరికి లైబ్రరీలు ఒక్కొక్కటే చందా మానేశాయి. జర్నళ్లన్నీ కలిపి ఒకే మూటగా పెద్ద కంపెనీల దగ్గర కొంటున్నామని, ఆ మూటలో మీది లేదని రాశాయి. ఆ ఏడు సిద్దికా హైదరాబాదులో ఒక వర్క్‌షాపుకి వెళ్లి ‘ఓపెన్ యాక్సెస్’ అనే మాట పట్టుకొచ్చింది. వ్యాసాలన్నీ ఇంటర్నెట్టులో పెట్టెయ్యాలి, ఎవరైనా, ఎక్కడున్నా, చందా లేకుండా చదువుకోవాలి. అదీ సంగతి. కమిటీలో చెబితే కోశాధికారి నవ్వాడు. ఉన్న చందాలు కూడా పోతాయి కదా అన్నాడు. లక్ష్మీనరసింహం గారు నవ్వలేదు. శాస్త్రం చదవడానికి కొంత సిద్ధపాటు ఉండాలని, వీధిలో పరిచిపెడితే ఎవడికి ఏం అర్థమవుతుందో మన చేతిలో ఉండదని అన్నాడు. ఆ మాటకి కొందరు తలూపారు.

అధ్యక్షురాలు బాలత్రిపురసుందరి గారు మాత్రం సిద్దికా వైపు నిలబడింది. ఆవిడ ముప్పై రెండేళ్లు కాలేజీ లైబ్రేరియన్‌గా పనిచేసింది. ‘పైరు’ సంచికల మీద దుమ్ము ఎంత మందాన పేరుకుంటుందో తనకి తెలిసినంతగా ఎవరికీ తెలియదని ఆవిడ అన్నాక ఇక ఎవరూ వాదించలేదు.

పని సిద్దికా ఒక్కతే చేసింది. ఒక సెకండ్‌హ్యాండ్ స్కానరు తెప్పించి, పద్నాలుగు నెలల పాటు రోజుకి నలభై యాభై పేజీలు ఎక్కించింది. పాత సంచికలు సీసపు అక్షరాలతో అచ్చయినవి, పేజీ బొమ్మగా ఎక్కుతుందే తప్ప అక్షరాలుగా ఎక్కదు. అందుకని ప్రతి వ్యాసం పేరునీ విడిగా టైపు చేసింది. ఒకసారి తెలుగులో, మళ్లీ ఇంగ్లీషు అక్షరాల్లో. నెట్ సెంటర్లలో జనం తెలుగు మాటని ఇంగ్లీషు అక్షరాలతోనే కొడతారని ఆమెకు తెలుసు. సంచిక చివరి పేజీల్లో ఉండే సభ్యుల జాబితాలు, సంతాపాలు, ఎరువుల ప్రకటనలు, ప్రకటనల కింద చిన్న అక్షరాల్లో ఉండే నోటీసులు, ఇవన్నీ వదిలేసింది. వాటిని ఎక్కిస్తే ఇంకో ఐదు నెలలు పడుతుంది. వాటికోసం వెతికేవాడు ఎవడుంటాడు అనుకుంది.

2006 జనవరిలో అంతా నెట్‌లోకి వచ్చింది. కోశాధికారి అన్నట్టే మిగిలిన చందాల్లో సగం పోయాయి. లక్ష్మీనరసింహం గారు ఇంట్లో కంప్యూటర్ లేదు కాబట్టి చూడలేదు.

ఆ ఆగస్టులో ఒక మధ్యాహ్నం, అద్దంకి దగ్గర పల్లె నుంచి హయాత్ అనే రైతు మెట్లెక్కి వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. తెల్లచొక్కా, చంకలో కాగితాల చుట్ట, చేతిలో తడిగుడ్డ మూట. కాగితాల మీదున్న పేరు చూసి, ఇక్కడ సిద్దికా అంటే ఎవరని అడిగాడు. కూర్చోమంటే కూర్చోకుండా మూట విప్పి బల్ల మీద పెట్టాడు. లోపల మిరప నారు, వేళ్లతో సహా. ఆకుల చివర్లు నల్లగా కమిలిపోయి ఉన్నాయి. కాడలు వడలిపోయాయి.

“ఇది మీరు పెట్టిందేనా అమ్మా?” అని కాగితాలు విప్పి చూపించాడు.

అది 1974లో లక్ష్మీనరసింహం గారు రాసిన వ్యాసం. మిరప నారుమళ్లలో నారుకుళ్లు తెగులుకు బోర్డో మిశ్రమం వాడకం. మైలుతుత్తం, సున్నం నీళ్లలో కలిపి చేసే పాత మందు. హయాత్ చెప్పిన కథ చిన్నదే. పత్తి పెట్టి రెండుసార్లు దెబ్బతిన్నాక పొగాకుకి మారాడు, ఈ ఏడే మొదటిసారి మిరప వేద్దామని అర ఎకరానికి పైగా సరిపడే నారు పోశాడు. పన్నెండో రోజున మొక్కలు మొదట్లో కుళ్లి పడిపోవడం మొదలైంది. ఊళ్లో పురుగుమందుల కొట్టువాడి మీద నమ్మకం లేక, అద్దంకి నెట్ సెంటర్‌కి పోయి, అక్కడున్నతని చేత మిరప, నారు, కుళ్లు అని కొట్టించాడు. ఈ వ్యాసం వచ్చింది. ప్రొఫెసర్ రాశాడు, పట్టిక ఉంది, లెక్క ఉంది. ఇంటికి పోయి పట్టికలో ఉన్నట్టే, పది లీటర్ల నీళ్లకి వంద గ్రాముల మైలుతుత్తం, పది గ్రాముల సున్నం కలిపి, చిల్లుల డబ్బాతో మళ్లు తడిపాడు. మూడో రోజుకి నారు మాడిపోయింది.

పది గ్రాములు అన్న దగ్గరే సిద్దికాకు తప్పు తెలిసిపోయింది. సున్నం చాలకపోతే తుత్తం మొక్కని కాల్చేస్తుందని బోటనీ చదివిన ఎవరికైనా తెలుసు. తుత్తం వందైతే సున్నమూ వందే ఉండాలి. రెండో గదిలోకి వెళ్లి 1974 సంచిక తీసింది. అందులోనూ పదే ఉంది. అంటే తప్పు స్కానింగులో జరిగింది కాదు. ఒక్క క్షణం ఊపిరి తీసుకుంది. తర్వాత, ఎందుకో, దాని తర్వాతి సంచిక తీసి చివరి పేజీ తిప్పింది. ఒక ఎరువుల కంపెనీ ప్రకటన కింద, ఆవగింజంత అక్షరాల్లో ఉంది. ‘సవరణ: గత సంచిక పుట 31, పట్టిక 2లో సున్నం 10 గ్రా. అని పడినది. 100 గ్రా. అని చదువుకొనగలరు.’

ఆమె వదిలేసిన పేజీల్లో అదొకటి.

అబద్ధం ఆడటానికి వీలున్న చోటే అది. ముప్పై ఏళ్ల నాటి అచ్చుతప్పు, అచ్చువేసినవాడు పోయాడు, ప్రెస్సు పోయింది. సిద్దికా రెండు సంచికలూ తెచ్చి హయాత్ ముందు పెట్టింది. తప్పు అప్పుడు పడిందని, మరుసటి సంచికలోనే దిద్దారని, ఆ దిద్దిన ముక్కని తాను నెట్‌లో పెట్టలేదని చెప్పింది. పెట్టాలని తోచలేదని కూడా చెప్పింది.

హయాత్ ఆ చిన్న అక్షరాలను వేలితో కూడబలుక్కుని చదివాడు.

“తప్పు నా దాకా వచ్చింది. దిద్దింది మాత్రం రాలేదు. అంతేగా?” అన్నాడు.

అంతే అంది సిద్దికా. ఆయన అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది ఆమెకు. మాడిన నారు అక్కడే వదిలేసి, సాయంత్రం బస్సుకి వెళ్లాలని లేచాడు. ఊరి పేరూ, పక్కింటివాళ్ల ఫోన్ నంబరూ అడిగి రాసుకుంది.

ఆ సాయంత్రమే అరండల్‌పేట వెళ్లింది. దారి పొడుగునా లక్ష్మీనరసింహం గారు అనబోయే మాటలన్నీ ఆమె మనసులో అనుకుంటూనే ఉంది. వీధిలో పరిచిపెట్టొద్దని నేను ముందే చెప్పాను కదా అంటాడు. అనే హక్కు ఆయనకుంది. ఆయన వరండాలో కూర్చుని ఉన్నాడు. రెండు సంచికలూ, మాడిన నారూ ముందు పెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆయన కళ్లద్దాలు మార్చుకుని ముందు నారునే చూశాడు. ఎన్నో రోజు నారు అని అడిగాడు. మళ్లల్లో ఏమైనా మిగిలిందా అని అడిగాడు. మిగిలిందో లేదో ఆమె హయాత్‌ని అడగలేదు.

“సున్నంలో ఒక సున్నా పోయింది,” అన్నాడు ఆయన చివరికి. “ఆ సవరణ నేను రాసి పంపిందే. పంపాను కాబట్టి నా పని అయిపోయిందనుకున్నాను.” పొద్దున ఆరున్నర బస్సుకి టికెట్లు తియ్యమన్నాడు.

డెబ్బై నాలుగేళ్ల మనిషిని చిలకలూరిపేట మీదుగా అద్దంకి దాకా బస్సులో, అక్కడి నుంచి ఆటోలో తీసుకెళ్లడానికి ఆమె జంకింది. ఆయన దారంతా ఒళ్లో ఒక సంచీ పెట్టుకున్నాడు. అందులో మైలుతుత్తం, పిడుగురాళ్ల సున్నం ఉన్నాయని ఊరు చేరాకే ఆమెకు తెలిసింది.

హయాత్ వాళ్లను చూసి ఆశ్చర్యపోయాడు గానీ పైకి తేలనివ్వలేదు. భార్య రహమతున్నీసా మాత్రం గడప దాటి రాలేదు, లోపలి నుంచే మంచినీళ్ల చెంబు అందించింది. నారుమళ్లు ఊరికి పడమర బోరు పక్కన ఉన్నాయి. పదహారు మళ్లలో పదకొండు నల్లబడ్డాయి. చివరి ఐదు మళ్లకి ఆ రోజు మందు చాలక పోయలేదట. వాటిల్లో కుళ్లు అక్కడక్కడా ఉంది, కానీ నారు బతికే ఉంది.

లక్ష్మీనరసింహం గారు గట్టు మీద కూర్చోలేదు. రెండు ప్లాస్టిక్ బకెట్లు అడిగి, ఒకదాంట్లో తుత్తం, రెండోదాంట్లో సున్నం కరిగించి, రెండూ కలిపాడు. నీళ్లు మబ్బు నీలంగా మారాయి. కొడవలి ఒకటి ఇమ్మన్నాడు. శుభ్రంగా రుద్ది, దాని కొసని ఆ నీళ్లలో ముంచి కాసేపాగి తీసి, హయాత్‌కి చూపించాడు. ఇనుము ఇనుములాగే ఉంది. తర్వాత వేరే చెంబులో హయాత్ కలిపిన పాళ్లలోనే కలిపి, కొడవలి తిప్పి మళ్లీ ముంచాడు. ఈసారి కొస రాగిరంగు తేలింది.

“ఎర్రబడితే సున్నం చాలలేదని. కాగితంలో ఏం రాసున్నా సరే, ముందు ఇది చూసుకోవాలి,” అన్నాడు. “ఈ ముక్క వ్యాసంలో రాయలేదు. అందరికీ తెలిసిందే కదా అని రాయలేదు.”

చుట్టూ చేరిన రైతుల్లో ఒక ముసలాయన, మా నాయన ఇట్టాగే చూసేవాడని అన్నాడు. హయాత్ ఆయన వైపు తిరిగి, “నాకెందుకు చెప్పలేదయ్యా మరి?” అన్నాడు. నువ్వు అడిగింది నెట్‌ని గదా నన్ను కాదు గదా అన్నాడు ముసలాయన. ఎవరూ నవ్వలేదు. మిగిలిన ఐదు మళ్లకి సరైన మందు పోశారు. సగం పొలానికి కూడా ఆ నారు చాలదు. మిగతాదానికి, లక్ష్మీనరసింహం గారు తన పాత శిష్యుడొకడికి ఫోన్ చేసి, చిలకలూరిపేట దగ్గర అతని నర్సరీ నుంచి నారు ఇప్పించే ఏర్పాటు చేశాడు. అది వచ్చి నాటేసరికి మూడు వారాలు ఆలస్యమవుతుందని హయాత్‌కీ తెలుసు, ఆయనకీ తెలుసు.

సెప్టెంబరు మొదట్లో కమిటీ కూర్చుంది. సిద్దికా జరిగిందంతా కాగితం మీద రాసి, చివర్లో తన రాజీనామా కూడా జోడించింది. కోశాధికారి ఢిల్లీ నుంచి వచ్చిన ఒక ఉత్తరం చదివాడు. ఒక ప్రచురణ సంస్థ ‘పైరు’ని పాత సంచికలతో సహా తీసుకుంటానంటోంది. వాటిని తన తాళంలో పెట్టుకుని, డబ్బు కట్టినవాళ్లకే చూపిస్తుంది. సమితికి ఏటా కొంత ఇస్తుంది. బాధ్యత వాళ్లది, మనకి ఈ తలనొప్పులుండవు అన్నాడు. ఈసారి చాలామందే తలూపారు. అందరూ లక్ష్మీనరసింహం గారి వైపు చూశారు. మొదటి నుంచీ వద్దన్నవాడు ఆయనే కదా.

ఆయన చేతుల్లో రెండు బైండు పుస్తకాలున్నాయి. ముందు వారం బాలత్రిపురసుందరి గారూ ఆయనా కలిసి రెండు కాలేజీ లైబ్రరీలకి వెళ్లి 1974 సంపుటాలు అడిగి తెచ్చారు. రెండింటిలోనూ పుట 31లో పది గ్రాములే ఉంది. సవరణ పేజీ రెండింటిలోనూ లేదు. బైండు చేసేటప్పుడు ప్రకటనల పేజీలు చింపి పారెయ్యడం ఆనవాయితీ, తానూ అలాగే చేయించేదాన్నని బాలత్రిపురసుందరి గారు ఒప్పుకుంది.

“ఈ తప్పు ముప్పై రెండేళ్లుగా అలమరాల్లో ఉంది,” అన్నాడు లక్ష్మీనరసింహం గారు. “ఎవరి నారూ మాడలేదు. ఎందుకు మాడలేదు? చదివినవాడు లేడు కాబట్టి. మనం జాగ్రత్తగా ఉన్నామని కాదు. ఇప్పుడు చదివేవాడు వచ్చాడు. వచ్చాడని తలుపేసుకుందామా?”

ఢిల్లీ ఉత్తరానికి వద్దని జవాబు రాయాలని తీర్మానమైంది, ముగ్గురు ఒప్పుకోలేదు. సవరణలన్నీ జతపడేదాకా వ్యాసాలను నెట్ మీద నుంచి దించాలని కూడా తీర్మానించారు. దానికి సిద్దికాయే ముందు చెయ్యెత్తింది. రాజీనామా సంగతి ఎవరూ ఎత్తలేదు. బాలత్రిపురసుందరి గారు ఆ కాగితాన్ని మడిచి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

తర్వాతి ఐదు నెలలు లక్ష్మీనరసింహం గారు రోజూ పది గంటలకి మెట్లెక్కి వచ్చేవాడు. రెండో గదిలో కిటికీ పక్కన కూర్చుని, సిద్దికా ఒక్కొక్క సంచిక చివరి పేజీలు చదివి వినిపిస్తుంటే, ఎర్రసిరాతో రాసుకునేవాడు. మొత్తం అరవై మూడు సవరణలు తేలాయి. వాటిల్లో పదిహేడు మోతాదులకు సంబంధించినవి. ఒక దాంట్లో పురుగు పేరే తప్పు. ఎవరూ ఎప్పుడూ దిద్దని తప్పులు ఇంకో తొమ్మిది ఆయనే పట్టాడు. అందులో మూడు ఆయన వ్యాసాల్లోవే. ప్రతి సవరణనీ దాని వ్యాసం మొదటి పేజీ నెత్తినే, పెద్ద అక్షరాల్లో అతికించింది సిద్దికా. ఏ ఏడు రాసిందో, అందులో చెప్పిన మందుల్లో ఇప్పుడు వాడకూడనివి ఏవో కూడా అక్కడే రాశారు. ఒకరోజు ఆయన, స్కాన్ చెయ్యడం నేర్పమన్నాడు. నేర్చుకున్నాడు గానీ, పేజీలు వంకరగా ఎక్కేవి. మళ్లీ ఆమె చేసేది, ఆయన చూడకుండా.

2007 ఫిబ్రవరిలో వ్యాసాలు తిరిగి నెట్‌లోకి వచ్చాయి. పత్రిక నాలుగు సంచికల నుంచి ఏడాదికి ఒక్క సంచికకి దిగింది. వ్యాసం సిద్ధమైతే సంచిక కోసం ఆగకుండా ముందు నెట్‌లో పెట్టేవారు, ఏడాది చివర కావాలన్నవాళ్లకి మాత్రం అచ్చువేసి పంపేవారు. ఆ ఏడు అరవై కాపీలు అడిగారు. అద్దె భరించలేక ఒక గది ఖాళీ చేశారు. పాత సంచికలు ఒక సెట్టు బాలత్రిపురసుందరి గారింట్లో, ఒక సెట్టు సిద్దికా ఇంట్లో జైతున్‌బీ మంచం కింద చేరాయి. జీతం సగమవడంతో సిద్దికా పొద్దున పూట ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది. దాని గురించి ఆమె ఎవరితోనూ చెప్పుకోలేదు.

హయాత్ పంటకి ఒక కోత తక్కువొచ్చింది. ఏప్రిల్‌లో మిరప టిక్కీలు, అదే బస్తాలు, గుంటూరు యార్డుకి తెచ్చినప్పుడు ఆఫీసుకి వచ్చి ఆ మాట చెప్పాడు. నిష్ఠూరంగా కాదు, లెక్క ఉన్నది ఉన్నట్టు. ఇంటావిడకి మీ మీద కోపం ఇంకా పోలేదని కూడా చెప్పాడు. పోనక్కర్లేదు అంది సిద్దికా. ఆయన వెళ్లేముందు, కొత్త వ్యాసాల్లో రెండు చదివాననీ, ‘గాఢత’ అంటే ఏమిటో, ‘సాంద్రత’ అంటే ఏమిటో తేడా తెలియలేదనీ, రాసేవాళ్లు బకెట్టుకి ఎంత, చెంబుకి ఎంత అని ఒక్క వాక్యం రాస్తే వాళ్ల సొమ్మేం పోతుందనీ అడిగాడు. ఆ వారమే సిద్దికా వ్యాసకర్తలందరికీ ఉత్తరాలు రాసింది. ఇద్దరు అది శాస్త్రానికి చిన్నతనమని జవాబిచ్చారు. మిగిలినవాళ్లు రాయడం మొదలుపెట్టారు.

ఉత్తరాలు, ఈమెయిళ్లు అంతకుముందు లేనన్ని వచ్చేవి. కర్నూలు నుంచి ఒక పరిశోధకురాలు, పేనుబంక పురుగు మీద వచ్చిన వ్యాసంలో తేల్చింది తప్పని నాలుగు పేజీలు రాసింది. లక్ష్మీనరసింహం గారు రెండు రోజులు చిరచిరలాడి, మూడో రోజు ఆమె చెప్పిందాంట్లో సగం నిజమేనని జవాబు రాశాడు. రెండూ ఆ వ్యాసం కిందే పెట్టారు. బతికున్న చివరి ఏడాది ఆయన మెట్లెక్కలేకపోయాడు. రోజూ పదిన్నరకి ఫోన్ చేసేవాడు. పలకరింపు ఉండేది కాదు.

“ఇవాళ ఎవరైనా తప్పు పట్టారా?” అని అడిగేవాడు.

ఎవరూ పట్టలేదని సిద్దికా చెప్పిన రోజున, “సరిగ్గా చూశావా?” అని మళ్లీ అడిగేవాడు.